ముక్కు కోసం తిరిగిన ఊళ్లు

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న మసాలా పొడుల కార్ఖానా ఉంది. అందులో నేను చేరి ఇరవై రెండేళ్లయింది. సరుకు వేయించే చోట నా పని. పెద్ద ఇనుప డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది, కింద మంట. ధనియాలు ఎప్పుడు దించాలి, జీలకర్ర ఎప్పుడు దించాలి, మెంతులు ఇంకొక్క నిమిషం ఉండాలా వద్దా అన్నది నేను చెప్పాలి. గోడకు గడియారం ఉంది, డ్రమ్ముకు వేడి చూపించే మీటరు ఉంది. మా యజమాని ఆ రెంటినీ నమ్మేవాడు కాదు. వచ్చి నా పక్కన నిలబడి, "నీ ముక్కేమంటున్నది?" అని అడిగేవాడు. నా ముక్కు దించమన్నప్పుడే దించేవాళ్లం.

నాకు చదువు పెద్దగా అబ్బలేదు. తెనాలి దగ్గర పల్లె నుంచి పని వెతుక్కుంటూ ఉప్పల్ వచ్చి, మూటలు మోసి, ఆటో నడిపి, చివరికి ఈ పనిలో కుదురుకున్నాను. అక్కడే ప్యాకింగులో పనిచేసే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాను. తనది జనగామ వైపు. మొగుణ్ని 'నువ్వు' అనే కోడలిని చూసి మా అమ్మ మొదట్లో చెవులు మూసుకుంది, తర్వాత అలవాటుపడింది. మొత్తానికి నా బతుకులో నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఏదైనా ఉందంటే అది ముక్కే.

ఊరూవాడా తలుపులు బిగించుకున్న ఆ రోజుల్లో అందరిలాగే నాకూ జ్వరం వచ్చింది. పదిరోజులకు తగ్గింది. ఒకరోజు పొద్దున వంటింట్లో మా ఆవిడ చారుకు తాలింపు పెడుతోంది. ఆవాలు చిటపటమన్న చప్పుడు వినిపించింది, పొగ కనిపించింది. వాసన మాత్రం లేదు. ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సున్నపు పొడిని వాసన చూసినట్టే ఉంది.

"అందరికీ గట్లనే అయితున్నదంట, నెలకు అదే వస్తది," అంది మా ఆవిడ.

నెల పోయింది. రెండు నెలలు పోయాయి. మా వీధిలో వాసన పోయినవాళ్లందరికీ తిరిగి వచ్చింది. నాకు రాలేదు.

కార్ఖానా తెరిచాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని భయం. రంగు చూసి, గింజ కొరికి చూసి, మీటరు వంక దొంగచూపులు చూసి ఎలాగో నెట్టుకొచ్చాను. ఒకరోజు డ్రమ్ము పక్కనే నిలబడి ఉన్నాను. సరుకు జల్లెడపట్టే పెద్దావిడ ఒకామె మాతో పనిచేస్తుంది, బోడుప్పల్ నుంచి వస్తుంది. ఆమె అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చింది.

"సారూ, జీలకర్ర మాడుతున్నది! ఏంది గట్ల సూస్తున్నవ్?"

డ్రమ్ము ఆపించేసరికి సరుకంతా నల్లబడింది. ఆ పెద్దావిడ నా మొహం చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, పొగకేనేమో, తన జల్లెడ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే యజమానికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన "మొదలే చెప్పొద్దా? మనిషివి కావా నువ్వు?" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను ప్యాకింగులో తూకం దగ్గర కూర్చోబెట్టాడు. "ముక్కు వచ్చినంక నీ జాగల నువ్వు నిలబడు," అన్నాడు. మంచి మాటే. కానీ ఆ తూకం ముందు కూర్చున్న మొదటిరోజు నాకు ఎవరి ముందో చొక్కా విప్పి నిలబడినట్టు అనిపించింది.

ఇంట్లో తిండి కూడా ఒక పని అయిపోయింది. ఉప్పు, పులుపు, తీపి తెలిసేవి. కారం మండేది. అంతే. వంకాయ కూరకీ దొండకాయ కూరకీ తేడా నాలుకకు తెలియదు, పంటికి తెలియాలి. ఒకరోజు మా ఆవిడ పని మీద బయటికి వెళ్తే, ముందురోజు పప్పు పాడైపోయినా తెలియక తినేశాను. వచ్చాక గిన్నె చూసి ఆమె ఏడ్చింది. కడుపునొప్పి నాకైతే ఏడుపు తనది.

మా పై అంతస్తులో ఒక నర్సు ఉంటుంది. ఉప్పల్లో ఒక దవాఖానాలో పని. మెదక్ వైపు పల్లెటూరి క్రైస్తవ కుటుంబం, భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. వీధంతా ఆమెను సిస్టర్ అనే పిలుస్తుంది. నన్ను అన్నా అంటుంది. ఆమె తన డాక్టరుని అడిగి వచ్చి నాలుగు చిన్న సీసాలు పెట్టుకోమంది. లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబీ రేకులు. పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని, దాని వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలట.

"ముక్కుకు మల్ల ఒకటో తరగతి అన్నట్టు అన్నా. జర ఓపిక పట్టు."

మూడు నెలలు పట్టాను. ఒకటో తరగతి దాటలేదు. ఒక ఆదివారం పొద్దున ఆ సీసాలు తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేస్తుంటే మా ఆవిడ చూసింది. తిట్టలేదు. "సీసాల మూతుల కాడ ఏముంటది? అవి పుట్టిన కాడికి పోదాం," అంది.

"ఎక్కడికి?"

"యాడికైనా. ఇన్నేండ్లల్ల పెండ్లిళ్లకు, మొక్కులకు, సావులకు తప్ప మనం బస్సెక్కినమా? మంచిగ తినొస్తందుకు ఒక్క ఊరు పోయినమా?"

నిజమే. మాకు అలాంటి ప్రయాణం ఒకటి ఉంటుందని తెలియదు. కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు గోడ మీద నుంచి తీసి ఆమె కింద పరుచుకుంది. పెన్సిలుతో ఒక్కో నెల మీదా రాయడం మొదలుపెట్టింది. కల్లు ఎప్పుడు, ముంజెలు ఎప్పుడు, సీతాఫలాలు ఎప్పుడు, ఏ ఊళ్లో జాతర ఎప్పుడు, ఆ జాతరలో ఏం వండుతారు. తెలియనివి సిస్టర్ని అడిగింది, జల్లెడ దగ్గర పెద్దావిడని అడిగింది, నన్నూ అడిగింది. నేను విసుగ్గా మావైపు సంగతులు నాలుగు చెప్పాను. చెబుతుంటే విసుగు కొంచెం తగ్గిన మాట నిజం.

మొదటి ప్రయాణం కల్లుకి. మాఘమాసం, ఆదివారం. తీరిగ్గా టిఫిన్ చేసి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సెక్కి భువనగిరి అవతల దిగేసరికి పది దాటింది. తాటిచెట్ల మధ్య కల్లు గీసే గౌడన్న మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఇప్పుడా వచ్చేది? పొద్దెక్కినంక పులుస్తది సారూ. తియ్యటిది కావాల్నంటే చెట్టు దిగంగనే తాగాలె. నేను నాలుగున్నరకు ఎక్కుత."

చేతులూపుకుంటూ తిరిగొచ్చాం. బస్సులో మా ఆవిడ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "పట్నపోళ్లమైనం, పూర్తిగ పట్నపోళ్లమైనం. నేను తాళ్ల కింద పుట్టినదాన్ని!" అని. నాకూ నవ్వొచ్చింది. ఆ జ్వరం తర్వాత ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదలని ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది.

మరుసటి వారం ముందురోజే వెళ్లి, అక్కడికి దగ్గరలో మా ఆవిడ మేనమామ ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుతుండగా మంచులో నడిచి వెళ్లాం. గౌడన్న చెట్టు దిగి, తాటాకు మడిచి దొప్ప చేసి నా చేతికిచ్చి కల్లు లొట్టి వంచాడు. చల్లగా, తియ్యగా, నాలుక మీద సన్నగా చురుక్కుమంటూ దిగింది. వాసన లేదు. అయినా దొప్ప మళ్లీ చాపాను. ఏడాదిగా దేన్నీ రెండోసారి అడగని మనిషిని. మా ఆవిడ చూసీ చూడనట్టు అటు తిరిగింది.

ఆ తర్వాత ఎండాకాలంలో గోదావరి వైపు ఆత్రేయపురం వెళ్లాం, పూతరేకులకి. నాచారంలో డబ్బాల్లో దొరుకుతాయి కదా అన్నాను. "డబ్బాల్ల పండుతయా అవి?" అంది. అక్కడ ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని కూర్చుంది. పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద అలా పరిచి ఇలా లాగేస్తుంది. కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. మా ఆవిడ నా సంగతి ఆమెకు చెప్పేసింది. నాకు సిగ్గేసింది.

"అయ్యో, వాసన తెలీదాండీ?" అని ఆమె ఒక ఉత్త రేకు, నెయ్యీ బెల్లం లేకుండా, నా చేతిలో పెట్టింది. "దీనికి వాసనుండదండి. ముక్కున్నోళ్లకీ తెలీదు. చెవి పెట్టుకుని తినండి ఆయ్."

చెవి పెట్టుకుని తిన్నాను. నోట్లో ఎండుటాకు మీద చినుకు పడ్డట్టు చప్పుడైంది, వెంటనే కరిగిపోయింది. ఆ పూట అందరిలాగే తిన్నాను నేను. ఎవరికీ తీసిపోకుండా.

ఇక అంతా బాగుపడుతుందనుకుంటున్న రోజుల్లో దెబ్బ తగిలింది. వానాకాలం చివర్లో ఒక పొద్దున మా ఆవిడ ఉల్లిపాయలు వేయిస్తుంటే మురుగుకాలువ తెరిచినట్టు కంపు. ఎక్కడో పైపు పగిలిందని బయటికి పరుగెత్తాను. ఎక్కడా ఏమీ లేదు. కంపు కూరలోంచి వస్తోంది. మర్నాటికి కాఫీ కాలిన టైరులా అయింది. వెల్లుల్లి, కోడిగుడ్డు, మాంసం, చివరికి నేను రుద్దుకునే పేస్టు కూడా. ఏ వాసనా లేకపోవడమే నయమనిపించింది. పెరుగన్నం, అరటిపండు, చల్లటి అటుకులు. వీటితో బతికాను. తూకం దగ్గర కూర్చోలేక మొహానికి గుడ్డ కట్టుకునేవాణ్ని.

క్యాలెండరులో ఆ నెల మీద సద్దుల బతుకమ్మ అని రాసి ఉంది. మా ఆవిడ వాళ్ల ఊరికి వెళ్లి పూలు పేర్చి, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, రొట్టే బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు అక్కడే చెరువుగట్టున తినాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. నేను రానన్నాను. "ఇక చాలు. నన్ను తిప్పి ఏం బాగుపడ్డాం? ఆ క్యాలెండరు చింపెయ్యి," అని గట్టిగా అరిచాను. ఆమె సంచి సర్దుకుని ఒక్కతే వెళ్లింది. గడప దాటేముందు ఫ్రిజ్‌లో నాకు రెండు పూటలకి పెరుగన్నం పెట్టానని చెప్పింది. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ కుట్టింది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ సిస్టర్ తలుపు కొట్టింది. కంపు సంగతి విని కుర్చీలో కూర్చుంది. ఆమె మొహం వెలిగిపోతోంది. నాకు మండిపోయింది.

"ఏందన్నా, ముందే చెప్పొద్దా! అది మంచి గుర్తు. తెగిన వైర్లు మల్ల కలుస్తున్నయి. మొదట్ల ఫ్యాను స్విచ్చేస్తే లైటు ఎలుగుతది గద, గట్లనే ఇది. ఏ వైరు ఏడికి పోవాల్నో దానికింకా తెలుస్తలేదు. నేర్చుకుంటది."

"నిజమేనా సిస్టర్?"

"మా దవాఖానకొచ్చే ఇద్దరికి గిట్లనే అయింది. టైం పడ్తది, పూర్తిగ వస్తదని మాత్రం నేను చెప్పను. అబద్ధం ఎందుకు? కానీ ఏం లేకపోవుడు కంటే ఇది నయం."

ఆమె వెళ్లాక మా ఆవిడకి ఫోన్ చేశాను. అవతల పాటలు, చప్పట్లు. సిస్టర్ చెప్పిందంతా చెప్పాను. పాటల చప్పుడు దూరమైంది, ఆమె పక్కకి వచ్చినట్టుంది. తర్వాత, "నువ్వు రాలేదని అందరడిగిన్రు. పానం బాగలేదని చెప్పిన. తిట్టినవని చెప్పలే," అంది. తప్పు నాదేనన్నాను. పెళ్లయ్యాక ఆ మాట నేను ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

నవంబరులో సిస్టర్ మమ్మల్ని వాళ్ల ఊరు రమ్మంది. వాళ్లు గుడి అనే పిలిచే చర్చిలో కోతపండుగ. చేను కోశాక తొలి పంటలో కొంత గుడికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఆ వచ్చిందంతా గుడికి. తర్వాత అందరికీ భోజనం. నేను భయపడింది ఆ భోజనానికే. ఒక డబ్బా నిండా పెరుగన్నం పెట్టుకుని బయలుదేరాను.

చిన్న గుడి. లోపల బల్లలన్నీ గోడకు జరిపి చాపలు వేశారు. ముందు వేదిక మీద చోటు లేదు. వడ్ల కంకులు, మొక్కజొన్న పొత్తులు, గుమ్మడికాయలు, చెరుకుగడలు, గంపల్లో వంకాయలు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు. పాటల మధ్యలో కోళ్లు అరిస్తే పిల్లలు నవ్వుతున్నారు. పాస్టరు అయ్యగారు కూడా నవ్వు ఆపుకుంటూ ప్రార్థన చెప్పారు. తెల్ల చీర కట్టుకుని ఆడవాళ్ల ముందు వరసలో కూర్చున్న సిస్టర్ ఆ రోజు నాకు నర్సులా కాక ఆ ఊరి ఆడబిడ్డలా కనిపించింది.

వేలం మొదలైంది. ఒక గుమ్మడికాయని వదినా మరదళ్లు ఇద్దరు పంతానికి పోయి పాడుతుంటే గుడంతా గోలగోలగా ఉంది. సిస్టర్ వాళ్లమ్మ, వంగిపోయిన ముసలావిడ, వేదిక దగ్గరి నుంచి వేలానికి ఒక గంప ఎత్తుకుని నా పక్కనుంచి పోతోంది. అప్పుడు వచ్చింది.

ఏమిటో వెంటనే అర్థం కాలేదు. కంపు కాదు. తియ్యగా, కొంచెం పుల్లగా, ఎండలో ఉన్నట్టు. ఏడాదిన్నరకు పైగా తాళం వేసి ఉన్న గదిలోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు. లేచి నిలబడ్డాను. ఆ గంపలోకి తొంగిచూశాను. జామపండ్లు. పసుపుపచ్చగా పండినవి, ఒకటి రెండు పగిలి ఉన్నాయి. మళ్లీ గట్టిగా పీల్చేసరికి పోయింది. ఏమీ లేదు. ఒక పండు చేతిలోకి తీసుకుని ఇంకోసారి మెల్లగా పీల్చాను. సన్నగా వచ్చింది.

ఆడవాళ్ల వైపు కూర్చున్న మా ఆవిడకి సైగ చేశాను. నేను నిలబడి ఉండటం చూసి ఏదో అయిందని కంగారుగా వచ్చింది.

"ఏమైంది? కండ్లు తిరుగుతున్నయా?"

"జామపండు," అన్నాను.

"కావాల్నా?"

"కాదు. వాసన."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ గంప వైపు చూసింది. తర్వాత ఏం చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వేలం వేసే పెద్దమనిషి ఇంకా గుమ్మడికాయ దగ్గరే ఉన్నాడు. ఈమె గట్టిగా చెయ్యెత్తి, "అన్నా, ఆ జాంపండ్ల గంప మాది! ఎవ్వరు పాడొద్దు!" అని అరిచింది. గుడంతా ఒక్కసారి మా వైపు తిరిగింది. పెద్దమనిషి కళ్లద్దాలు పైకి తోసుకుని, "అమ్మా, ముందు ఈ గుమ్మడికాయ కానియ్యి," అన్నాడు. సిస్టర్ వెనక్కి తిరిగి చూసి, నా చేతిలో జామపండూ నా కళ్లలో నీళ్లూ గమనించి, సంగతి వాళ్లందరికీ చెప్పింది. ఆ గంపకి ఇంకెవరూ పాట పాడలేదు. పక్కనున్న ముసలాయన నా భుజం తట్టి, "దేవుడు మంచోడు బిడ్డా," అన్నాడు. నేను తల ఊపాను. ఆ రోజు ఎవరి దేవుడని అడిగే ఓపిక నాకు లేదు.

భోజనంలో మాంసం ఇంకా కంపుగానే ఉంది. పెరుగన్నమూ జామపండ్లూ తిన్నాను. నా జీవితంలో అంత రుచిగా తిన్న భోజనాలు కొన్నే.

అలా ఒక్కరోజుతో నయమైపోయిందని చెబితే కథలా ఉంటుంది కానీ అలా జరగలేదు. జామపండు తర్వాత చాలా వారాలకి నిమ్మాకు, ఆ తర్వాత వానకు తడిసిన మట్టి. ఉల్లిపాయ కంపు తగ్గడానికి దాదాపు ఏడాది పట్టింది. కాఫీ ఇప్పటికీ పూర్తిగా కాఫీ కాదు. కొన్ని రోజులు బాగా తెలుస్తుంది, కొన్ని రోజులు పల్చగా.

కిందటేడాది యజమాని నన్ను పిలిచి మూడు గిన్నెలు ముందు పెట్టాడు. కళ్లు మూసుకోమన్నాడు. ధనియాలు సరిగ్గా చెప్పాను. మెంతులు చెప్పాను. సోంపుని వాము అన్నాను. తల దించుకుంటే ఆయన, "మూడిట్ల రెండు వచ్చినయంటే ముప్పై ఐదు మార్కులు దాటినట్టే గదా," అన్నాడు. ఇప్పుడు డ్రమ్ము దగ్గర ఇద్దరం నిలబడతాం, నేనూ బోడుప్పల్ పెద్దావిడా. ఇద్దరం సరేనన్నాకే దించుతారు. ఆమె ముక్కు ఇన్నేళ్లుగా నా ముక్కుకి తీసిపోలేదన్న సంగతి నాకిప్పుడు తెలిసింది. ఆమెని అడిగితే, "నన్నెవరు అడిగిన్రు సారూ?" అంది. ఆమె జీతం కూడా పెంచాలని యజమానితో నేనే మాట్లాడాను. పెంచాడు.

ప్రయాణాలు మానలేదు. మొదట్లో మందు కోసం వెళ్లాం, ఇప్పుడు ఇష్టం కోసం వెళ్తున్నాం. మేమిద్దరమే కాదు, సిస్టర్ కూడా. మొన్న ఎండాకాలం మొదట్లో క్యాలెండరు ముందు కూర్చుని మా ఆవిడ, "ఈసారి నువ్వు చెప్పు సిస్టర్. నీకేం తినాల్నని ఉన్నది?" అని అడిగింది. సిస్టర్ కాసేపు సిగ్గుపడి, "నేను సముద్రం సూడలే వదినె," అంది. యాభై ఏళ్ల మనిషి. ఊళ్లో అందరికీ సూదులు వేసింది కానీ సముద్రం చూడలేదు.

బాపట్ల వైపు తీసుకెళ్లాం. ఆ వారం తీరాన ఒక పల్లెలో గంగమ్మ కొలుపులు జరుగుతున్నాయి. డప్పులు, పసుపు నీళ్లు, వేపకొమ్మలు కట్టిన పడవలు. మాకు తెలిసినవాళ్ల ఇంట్లో పీతల పులుసు వండిపెట్టారు. సిస్టర్ పీత డెక్క కొరకడం రాక రాయితో కొట్టి, పులుసు చీర మీద చిందించుకుని, ఇంకో గిన్నె అడిగింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడిచింది. అల వచ్చి మోకాళ్లకి తగిలినప్పుడల్లా "యేసయ్యా!" అని అరుస్తూ వెనక్కి పరుగెత్తి, మళ్లీ వెళ్తోంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది, తనకి భయం లేనట్టు.

తిరిగి వస్తూ చేపలు ఎండబెట్టే చోటు దాటాలి. ఇసుక మీద వలలు పరిచి, వాటి మీద వరసలు వరసలుగా చేపలు. గాలి అటునుంచే వీస్తోంది. సిస్టర్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ రెండు చేతులతో మూసుకుని అడుగు పెంచింది. నేను ఆగిపోయాను. ఉప్పు, ఎండ, చేప, తడి తాడు, ఎక్కడో తారు. ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తోంది.

"ఏందయ్యా, గా కంపుల నిలబడ్డవ్? రా!" అని మా ఆవిడ దూరం నుంచి కేకేసింది.

"వస్తున్నా. ఒక్క నిమిషం ఉండు," అని నేను అక్కడే నిలబడ్డాను.